కడ్డీ పందెం, చాచా రుమాలీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ లోకంలో ఏ చిక్కునైనా ఒకటి, రెండు, మూడు అని వరసగా కాగితం మీద పెడితే చాలు, సగం అక్కడికక్కడే విడిపోతుందని, మిగతా సగం సాయంత్రంలోగా దానంతట అదే దారికొస్తుందని. పొద్దున పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి రాత్రి దోమతెర కట్టుకోవడం దాకా నాకు జాబితాలుండేవి. (జాబితాల జాబితా కూడా ఒకటుండేదని మా అక్క ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. అది అబద్ధం. రెండుండేవి.) ఇంత పద్ధతైన మనిషిని పిండిమిల్లుల మీదికి వదిలితే ఏమవుతుందో నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నవాళ్లు ఆలోచించలేదు. నేనైతే అస్సలు ఆలోచించలేదు.

మాది నిజామాబాదు జిల్లా మోస్రా. చుట్టూ వరి, కాస్త దూరం పోతే చెరుకు, ఇంట్లో రొట్టె అంటే జొన్నరొట్టె. హైదరాబాదులో ఆహార సాంకేతికశాస్త్రం చదివి, నిజామాబాదు చుట్టుపక్కల మిల్లులకు సలహాలిచ్చే ఉద్యోగం తెచ్చుకున్నానని చెబితే మా బాపు లేచి బయటికి నడిచాడు. తర్వాత అరుగు మీద కూర్చున్నవాళ్లతో, "గోధుమరొట్టెలు షుగర్ ఉన్నోళ్లు తింటరు. మా ఇంట్ల ఎవ్వరికి షుగర్ లేకపాయె. మా పోరనికి ఈ గోధుమల పిచ్చి ఎక్కడికెల్లి అంటిందో మరి" అన్నాడు. నా పని ఏమిటో ఆయనకు వివరించాలని చూశాను. గోధుమ ఒక్కో లారీకి ఒక్కో తీరుగా వస్తుంది, కొనేవాడికి మాత్రం పిండి ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండాలి, ఆ రెంటి మధ్య నిలబడి సర్దిచెప్పేవాణ్ని నేను అన్నాను. "అంటే పెండ్లిండ్ల పేరయ్య అన్నట్టు" అన్నాడు బాపు. ఎన్నేళ్లు గడిచినా నా ఉద్యోగాన్ని ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

నాకు అప్పగించిన మిల్లుల్లో మొదటిది నిజామాబాదు ఊరి చివర బోధన్ రోడ్డు మీద ఉండేది. చిన్న రోలర్ మిల్లు. భర్త పోయాక దాన్ని ఒక్కతే నడుపుకొస్తున్న ఆవిడను హమాలీల దగ్గర్నుంచి బ్యాంకువాళ్ల దాకా అందరూ మిల్లక్క అనేవారు. నాలుగంతస్తుల ఎత్తున జల్లెడలు ఊగుతుంటే, గోధుమ కింద పడుతూ పైకి పోతూ మళ్లీ కింద పడుతూ, చివరికి ఒక గొట్టంలోంచి తెల్లగా, మరో గొట్టంలోంచి పొట్టుగా దిగేది. మొదటిసారి చూసినప్పుడు నేను పెన్ను తీయడం మరిచిపోయాను. పుస్తకంలో బాణం గుర్తులతో ఉన్నదంతా ఇక్కడ ఊపిరి తీసుకుంటున్నట్టు ఊగుతోంది. నేల అదురుతోంది, అరికాళ్ల గుండా అది నా పళ్లలోకి వస్తోంది. తేరుకుని, మిల్లక్కకు నా విద్య చూపించాలని, కొన్ని మిల్లుల్లో పిండి బలానికి చిటికెడు విటమిన్ సి కలుపుతారని చెప్పాను. బస్తా మోసుకుపోతున్న హమాలీ ఒకడు ఆగిపోయాడు. సన్నగా, కట్టెపుల్లలా ఉండి బస్తాను దూదిలా ఎత్తే అతన్ని అందరూ బక్కన్న అనేవారు.

"విటమిన్ సి అంటే నిమ్మకాయల ఉండేదే గద సార్?"

అవునన్నాను.

"అగో, మరి శనివారం శనివారం కడుతనే ఉన్నం" అని యంత్రం నెత్తిన వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండ చూపించాడు. "ఇంక బలం సాలదంటరా?"

మిల్లక్క నవ్వు ఆపుకోలేక ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మిల్లులో నాకు 'లిస్టు సారు' అని పేరు పడింది. మాటకు ముందు "నంబర్ వన్" అనడం నాకప్పట్లో అలవాటు.

ఆ ఏడాది వేసవి మొదట్లో, గోధుమ కోతల సమయానికి, పైన మహారాష్ట్ర వైపు, ఇంకా పైన కూడా వానలు పడ్డాయి. కోసిన చేను కోసినట్టే తడిసింది. తర్వాత ఎండ కాసింది, గింజ ఆరింది, బస్తాల్లోకెక్కి లారీల్లో మన దాకా వచ్చింది. చూడ్డానికి ఏ వంకా లేదు. కానీ తడిసిన గింజ ఊరుకోదు. నేలలో పడ్డాననుకుంటుంది, మొలకెత్తడానికి సామాను సర్దుకుంటుంది. తనలో దాచుకున్న పిండిని కొద్దికొద్దిగా చక్కెర చేసుకోవడం మొదలుపెడుతుంది. పైకి మొలక కనబడకముందే లోపల పని నడిచిపోతుంటుంది. అలాంటి గింజను ఆడిస్తే పిండి చేతికి మామూలుగానే తగులుతుంది. నీళ్లు పోశాక దాని నిజస్వరూపం బయటపడుతుంది.

అది అందరికన్నా ముందు బయటపడింది బోధన్‌లో రుమాలీ చాచా దగ్గర. రుమాలీ అంటే చేతిరుమాలంత పల్చని రొట్టె. ముద్దను చేతుల మీద తిప్పుతూ గాల్లోకి ఎగరేసి, దుప్పటంత వెడల్పు చేసి, బోర్లించిన పెద్ద కడాయి మీద పరిచి కాలుస్తారు. బోధన్‌లో ఎవరింట్లో పెళ్లి విందైనా రుమాలీ ఆయన చేతిదే ఉండేది. ఆయన వాడే మైదా మిల్లక్కదే, అది ఆమె మామగారి కాలం నుంచి వస్తున్న వాడుక. ఆ రోజు ఆయన స్వయంగా బస్సెక్కి మిల్లుకు వచ్చాడు. తెల్లటి గడ్డం, భుజం మీద గళ్ల తువ్వాలు, ఆ వయసులో కూడా పహిల్వానువి లాంటి ముంజేతులు. మిల్లక్క లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"బేటీ, నీ పిండి నీళ్లు పడంగనే మంచిగనే ఉంటది. జరసేపు పండుకోబెట్టి వచ్చి చూస్తే చనిపోయి ఉంటది. ఎగరేస్తే సగం పైకి పోతది, సగం నా చేతిలనే ఉంటది."

"వేరే మిల్లు పిండి చూసినవా చాచా?" అంది మిల్లక్క. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ముఖంలో కనిపించింది.

"చూసిన. తప్పయితే మాఫ్ చెయ్యి. మూడు మిల్లులయి చూసిన. అన్నీ గట్లనే ఉన్నయి. అందరికీ ఒక్కటే వాన గదా." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎవరిదో పెళ్లయితే వాపస్ చెప్పేటోణ్ని. వచ్చే ఆదివారం నా పోతీది నికా. నా షాదాది."

షాదా ఆయన మనవరాలు. తల్లి పోయాక ఆయనే పెంచాడు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి తాతను ఇతరుల పెళ్లిళ్లకు సైకిల్ మీద వెళ్లిపోతుంటే చూస్తూ, "నా పెళ్లికి కూడా నువ్వే ఎగరేయాలె, ఇంకెవ్వరు చేసినా నేను తినను" అని ఒట్టు వేయించుకుందట. ఆయన కొడుకులు మాత్రం తందూరీ రొట్టె తెప్పిద్దాం అంటున్నారట. మందంగా ఉంటుంది, పిండి ఎట్లున్నా నడిచిపోతుంది. "బోధన్‌ల సగం మంది నా రుమాలీ తినే పెళ్లి చేసుకున్నరు. నా ఇంట్ల పెళ్లికి తందూరీ పెడితే షాదాకు నేనేం ముఖం చూపెట్టాలె బేటీ?"

మిల్లక్క నా వైపు చూసింది. నేను అప్పటికే కాగితం తీసి 'నంబర్ వన్' రాసేశాను.

ఇప్పుడు నా గొప్పతనం వినండి. మా దగ్గర ఒక పరికరం ఉండేది. గాజుగొట్టంలో కాస్త పిండి (గింజలైతే అక్కడే చేతిగిర్నీలో పొడి చేసి), నీళ్లు వేసి ఊపి, మరిగే నీళ్లలో దించుతారు. లోపల గంజిలా చిక్కబడుతుంది. ఒక కడ్డీ కాసేపు దాన్ని కలిపి, పైకి లేచి, మెల్లగా కిందికి జారుతుంది. మంచి గోధుమైతే గంజి గట్టిగా నిలబడి కడ్డీని చాలాసేపు మోస్తుంది. వానదెబ్బ తిన్నదైతే గంజి పలచబడి కడ్డీ దబ్బున కూలుతుంది. ఆ జారడానికి పట్టే సెకన్లే అంకె. మిల్లులో ఒక కుప్పకు మంచి అంకె వచ్చింది, మరో కుప్పకు దరిద్రమైన అంకె వచ్చింది. రెండూ సగం సగం కలిపితే మధ్యస్థంగా వస్తుంది కదా అని నేను కూడి, రెండుతో భాగించాను. మిల్లక్క కూడా సంతోషించింది. మంచిదాంట్లో కాస్త చెడ్డది కలిపితే కలిసిపోతుందని మిల్లుల్లో ఎప్పటి నుంచో ఉన్న లెక్క ఇదే. పద్ధతీ శాస్త్రమూ ఒకే మాట చెబుతున్నాయంటే ఇంకేం కావాలి? కలిపి ఆడించాం. బస్తా నేనే స్కూటర్ మీద పెట్టుకుని బోధన్ తీసుకెళ్లాను.

చాచా ఇంటి వెనక వాకిట్లో కడాయి బోర్లించి ఉంది. కొడుకులు, ఇరుగుపొరుగు, పక్కింటి ముసలాయన అందరూ పోగయ్యారు. ఈ ముసలాయన ఒకప్పుడు ఊళ్లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. నేను దగ్గర నుంచి పరిశీలించాలని కడాయికి ఇవతల నిలబడ్డాను. చాచా ముద్ద తీసుకున్నాడు, అరచేతుల మధ్య చరిచాడు, ముంజేతుల మీద తిప్పాడు, బిస్మిల్లా అని ఎగరేశాడు. అది లేచింది. లేస్తూ విచ్చుకుంది. విచ్చుకుంటూ సాగింది, సాగి సాగి నడిమిలో తెగి, రెండు ముక్కల్లో చిన్నది కడాయి మీద పడింది. పెద్దది నా మెడ చుట్టూ పడి భుజాల మీద నుంచి కిందికి జారింది. తడిగా, చల్లగా, అతుక్కుపోయి.

చాచా నన్ను ఎగాదిగా చూసి, "ముబారక్ సార్. శాలువా సన్మానం అయిపోయింది, ఇగ ఉపన్యాసం ఇయ్యి" అన్నాడు.

(ఆ చొక్కాను మా అమ్మ తర్వాత నానబెట్టింది. అది మరింత గట్టిగా అతుక్కుంది.)

ఉపన్యాసం ఇవ్వక తప్పలేదు. మెడ మీద పిండి గీక్కుంటూనే చెప్పాను. వాన తగిలిన గింజలో పిండిని చక్కెరగా మార్చే పని మొదలైందని, "అంటే గింజ లోపల చిన్న చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు" అని అన్నాను. పక్కింటి ముసలాయన చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఏందీ? ఊళ్లె ఉన్న ఫ్యాక్టరీకి తాళమేసిండ్రు. గోధుమ గింజల మాత్రం షిఫ్టులు నడుస్తున్నయా?"

వాకిలంతా నవ్వు. చాచా ఒక్కడే నవ్వలేదు. తెగిపోయిన పిండిని వేళ్ల మధ్య సాగదీస్తూ నిలబడ్డాడు. నేను మిగతాది చెబుతూ, చెబుతూనే నాకే అర్థమై ఆగిపోయాను. చెడ్డ గింజలో పిండిని చక్కెర చేసే శక్తి తన గింజ దగ్గర ఆగదు. నీళ్లు తగలగానే బయటికొచ్చి పక్కనున్న మంచి గింజల పిండిని కూడా తినేస్తుంది. కొద్దిపాటి చెడ్డది చాలు, ఎంత మంచిదాన్నైనా పలచన చేస్తుంది. దీన్ని కూడి భాగిస్తే లాభం లేదు. పుస్తకంలో ఒక మూల ఈ మాట ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"మా చిన్న అల్లుడు లెక్క" అన్నాడు చాచా నెమ్మదిగా. "ఒక్కడే వస్తడు, బిర్యానీ దేగ్ మొత్తం ఖాళీ చేసి పోతడు."

అల్లుడు అక్కడే ఉన్నాడు. ఈసారి చాచా కూడా నవ్వాడు. కానీ నన్ను బయటి దాకా సాగనంపుతూ స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని ఆపాడు. "సార్, కొడుకులు తందూరీవాడికి ముందుగాల బయానా పైసలు ఇస్తమంటున్నరు. శుక్రవారం దాకా ఆగమన్న. నన్ను మాటల్లో పెట్టకు. అయితదంటే అయితదను, కాదంటే కాదను."

"అయితది చాచా" అన్నాను. ఎలా అవుతుందో నాకు తెలియదు. జీవితంలో మొదటిసారి, నంబర్ వన్ ఏమిటో తెలియకుండా ఒక మాట ఇచ్చాను.

తిరిగొస్తూ దారి పొడవునా చెరుకు తోటల మధ్య ఒకటే ఆలోచన. కలపడం పనికిరాదంటే విడదీయాలి. మిల్లులో ఉన్న గోధుమంతా ఒకచోటి నుంచి రాలేదు. ఒకే లారీలో నాలుగు ఊళ్ల బస్తాలుంటాయి. వాన కన్నా ముందు కోసినవాడివి, వాన తర్వాత కోసినవాడివి పక్కపక్కనే ఉంటాయి. కుప్పకొక పరీక్ష కాదు, బస్తాకొక పరీక్ష చేయాలి. అయితే ప్రతి బస్తాలోంచి పిడికెడు గింజలు తీసి, దానికో గుర్తు కట్టి, నా గది దాకా తెచ్చివ్వడానికి హమాలీలు ఎందుకు ఒప్పుకుంటారు? అడిగాను. "లిస్టు సారూ, బస్తా ఎత్తుమంటే ఎత్తుతం. బస్తాను అడిగి అడిగి ఇంటర్వ్యూ చెయ్యమంటే మాతోని కాదు" అన్నాడు బక్కన్న.

మర్నాడు పొద్దున నా పరికరంలో రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టి నడుపుతున్నాను. నీళ్లు తాగడానికొచ్చిన బక్కన్న కిటికీలోంచి చూశాడు. రెండు కడ్డీలు ఒకేసారి పైకి లేచాయి, ఒకేసారి జారడం మొదలుపెట్టాయి. అతను నీళ్ల చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇందుల ముందుగాల ఏది పడుతది సార్?"

"అదే చూస్తున్నా."

"కుడి దిక్కుది పడుతది. చాయ్ పందెం."

ఎడమది పడింది. బక్కన్న ఆ ఓటమిని తట్టుకోలేకపోయాడు. వెళ్లి తనకు నచ్చిన బస్తాలోంచి పిడికెడు గింజలు తెచ్చాడు. "గిది పెట్టు. గిది రాయి. పొద్దుగూకేదాక పడది." అతని వెనకే మరొకడు, వాడి వెనక ఇంకొకడు. ఎవరి బస్తా కడ్డీని ఎక్కువసేపు నిలబెడితే వాళ్లకు ఓడినవాళ్లు చాయ్ ఇప్పించాలి. ఏ బస్తాదో తేలకపోతే పందెం చెల్లదని నేనొక నిబంధన పెట్టాను. దాంతో నేను అడగకుండానే ప్రతి బస్తాకూ సుద్దముక్కతో పేర్లు పడ్డాయి. అంకెలు వేయమంటే వాళ్లకు రుచించలేదు. తమకు నచ్చిన పేర్లు పెట్టుకున్నారు. ఒక బస్తా 'పులి', ఒకటి 'ఎమ్మెల్యే', ఇంకొకటి 'నా పెండ్లాం'. (ఈ చివరిదాన్ని ఏ బస్తా కడ్డీ ఓడించలేకపోయింది. పేరు పెట్టినవాడు గర్వపడాలో భయపడాలో తెలియక తిరిగాడు.) నా జాబితాలో నిలువు గీతల మధ్య ఈ పేర్లన్నీ నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను.

మధ్యాహ్నానికి మిల్లక్క వచ్చింది. నా గది నిండా మనుషులు, అందరి కళ్లూ రెండు గాజుగొట్టాల మీద, ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"ఏందిరా ఇది? నా మిల్లుల జూదం ఆడుతున్నరా? తమ్మీ, నువ్వు సదువుకున్నోడివి, నువ్వు గూడనా?"

నేను లేచి నిలబడి నంబర్ వన్ అన్నాను. ఆమె వినలేదు. ఆమె చూపు కడ్డీల మీద పడింది. ఒకటి సగం దిగింది, రెండోది ఇంకా పైనే ఉంది, కదిలీ కదలనట్టు. కొంగు నడుముకు దోపుకుని స్టూలు లాక్కుంది. "ఆ ఎడమ దిక్కుది ఎవ్వలది?" అంది గొంతు తగ్గించి. "పులి అక్కా" అన్నాడు బక్కన్న. "పులి మీద నాది" అంది మిల్లక్క.

అప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం పందెం గురించి కాదు. ఒకే రంగు, ఒకే బరువు, ఒకే గోనెసంచి. పక్కపక్కన పోస్తే ఏది ఏదో వాటిని పండించిన రైతు కూడా చెప్పలేడు. అయినా ఒకటి కోతల నాటి వానను ఇంకా లోపల మోస్తోంది, ఇంకొకటి మోయడం లేదు. ఏ ఊరిమీద ఏ వేళకు చినుకు పడిందో, ఎవరు ఒక్కరోజు ముందు కొడవలి పట్టారో అంతా ఆ గింజలో ఉంది. వేడినీళ్లలో దించితే చెప్పేస్తోంది. నేను రెండేళ్లు చదివిన పాఠం ఇదే. చదువుతున్నప్పుడు ఒక్కసారీ ఇలా వెంట్రుకలు నిక్కబొడుచుకోలేదు.

పందేలు రెండో రోజూ సాగాయి. గెలిచిన బస్తాలన్నీ ఒక పక్కకు చేరాయి. మిల్లును ఒక పూట నడపడానికి సరిపడా కుప్ప అయింది. ఓడిన బస్తాలను నేను వేరే జాబితాలో రాశాను. అవి రుమాలీకి పనికిరావుగానీ పారేసేవి కావు. వాటి పిండిని బిస్కెట్లవాళ్లకు, చాయ్‌లో ముంచుకు తినే తోష్‌లు కాల్చేవాళ్లకు పంపాం. లోపలున్న ఆ కాస్త తీపికి తోష్ ఎర్రగా, కమ్మగా వచ్చిందని వాళ్లు మళ్లీ అదే కావాలన్నారు. మంచి కుప్పకు మిల్లక్క తానే దగ్గరుండి నీళ్లు చల్లించింది. ఆడించే ముందు గింజకు కాస్త తడి ఇచ్చి ఒక రాత్రి ఊరనిస్తే పొట్టు మెత్తబడి ముక్కలవకుండా ఊడొస్తుంది, పిండి తెల్లగా దిగుతుంది. పొద్దున్నే మిల్లు కదిలింది. పిండి వెచ్చగా చేతిలోకి దిగితే మిల్లక్క వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకుని, బోధన్ దిక్కు తిరిగి ఒకసారి కళ్లు మూసుకుంది. శుక్రవారం నమాజుకు ముందే పిండి చాచా గడపలో దిగింది. ఆయన కొంచెం తడిపి, వేళ్లతో సాగదీసి చూసి, కొడుకులతో ఒక్కటే మాటన్నాడు. "తందూరీవానికి ఫోన్ చెయ్యకుర్రి."

అయినా అసలు పరీక్ష ఆదివారమే. ఒక ముద్ద కాదు, ఒక ఊరి విందు. ఎండ మండిపోతోంది, ఎండకు పిండి త్వరగా పాడవుతుంది. నేను రాత్రంతా కూర్చుని రుమాలీ పిండి తడపడానికి ఒక జాబితా రాసుకుని పోయాను. చాచా ఇత్తడి తాంబాళం ముందు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. చుట్టూ చుట్టాలు. నన్ను చూసి, "రా సార్. నీ కాగితం తెచ్చినవా? చదువు. ఖాజీ సాబ్ లోపల చదువుతున్నడు, నువ్వు ఇక్కడ చదువు" అన్నాడు.

నేను నిజంగానే గొంతు సవరించుకుని చదివాను. "నంబర్ వన్. నీళ్లు ఐసు వేసి చల్లబరచాలి. చల్లదనానికి లోపలి చక్కెర పని మందగిస్తుంది."

"కబూల్ హై" అన్నాడు చాచా, నికాలో పెళ్లికొడుకు 'ఒప్పుకున్నా' అన్నట్టు. చుట్టాలు కిసుక్కున నవ్వారు.

"నంబర్ టూ. ఉప్పు ఎప్పటికన్నా కాస్త ఎక్కువ. పిండి బిగువుగా ఉంటుంది."

"కబూల్ హై."

"నంబర్ త్రీ. తడిపిన పిండిని ఎక్కువసేపు నానబెట్టకూడదు. వెంటనే చేసెయ్యాలి."

ఉప్పు కలుపుతున్న చాచా చేతులు ఆగిపోయాయి. "కబూల్ కాదు."

చుట్టాలందరూ ఒక్కసారిగా మా వైపు తిరిగారు. నికాలో ఆ మాట వినబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నేను కాగితం వైపు చూశాను, కాగితం నాకు సాయం రాలేదు. "చాచా, నానితే మళ్లీ పలచబడితే?"

"నానకపోతే ముద్ద మొండికేస్తది సార్. లాగితే మళ్లా ఉంగరం లెక్క దగ్గరికొస్తది. నీ గోధుమలు మంచియే అంటున్నవు కదా? మంచియి అయితే భయం దేనికి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబుంది. గెలిచిన ప్రతి బస్తా కడ్డీనీ నా కళ్లతో చూశాను. "మంచివే" అన్నాను. కాగితం మీద మూడో మాట కొట్టేసి, 'చాచా ఎంతసేపంటే అంతసేపు' అని రాసి చూపించాను. "అయితే కబూల్" అన్నాడు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి కూడా ముబారక్ ముబారక్ అని కేకలు వినబడ్డాయి. ఖాజీ గారి పనీ అయిపోయిందన్నమాట.

కాసేపటికి కడాయి కింద మంట అంటించారు. ఎండ నడినెత్తిన ఉంది. వాకిలి మధ్య షామియానా లేని జాగాలో చాచా నిలబడ్డాడు. కొడుకులు, అల్లుడు, చక్కెర ఫ్యాక్టరీ ముసలాయన, మిల్లక్క, ఆమె వెనక ఇస్త్రీ చొక్కాలో బక్కన్న. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. నేను ఈసారి బాగా దూరంగా నిలబడ్డాను.

చాచా ముద్ద చరిచాడు. ముంజేతుల మీద ఒకసారి తిప్పాడు, రెండోసారి తిప్పాడు. తిప్పినకొద్దీ అది వినయంగా వెడల్పయింది. బిస్మిల్లా అని విసిరాడు. అది లేచింది. సూర్యుడికి అడ్డం వెళ్లింది. వెళ్లి అక్కడ ఆగినట్టు నాకనిపించింది. వెలుతురు దాని గుండా వచ్చి వాకిలంతా ఒక్క క్షణం పసుపుపచ్చగా మారింది. అంచుల్లో సన్నటి మడతలు, నడుమ తామరాకు ఈనెల్లాంటి గీతలు. ఒక్క చిల్లు లేదు. ఎక్కడో ఎవరి చేనులోనో ఒకరోజు ముందు కోసిన గోధుమ, పులీ ఎమ్మెల్యే అన్నీ కలిసి, బోధన్ ఆకాశంలో గొడుగులా తిరుగుతున్నాయి. నా చేతిలో పెన్నుంది, కాగితముంది. పరిశీలనలు రాసుకోవడానికి గళ్లు కూడా గీసుకుని పోయాను.

"సార్, నోరు మూసుకో! పిండి పడుతది!" అని అరిచాడు చాచా, దాన్ని అందుకుంటూ.

మొదటి రొట్టెను ఆయన కడాయి మీద వేయలేదు. రెండు ముంజేతుల మీద పరుచుకుని, ఆడవాళ్ల గది కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీలో ఎర్ర దుపట్టాలో షాదా ఉంది, తాతను చూడాలని వచ్చి నిలబడింది. ఆయన ఆ పచ్చి రొట్టెను తమ ఇద్దరి మధ్య తెరలా ఎత్తి పట్టుకున్నాడు. ఇవతల నుంచి చూస్తున్న మాకు కూడా దానిలోంచి ఆ పిల్ల ముఖం కనిపించింది. ముక్కుపుడక మెరుపుతో సహా.

"కనిపిస్తున్ననా బేటా?"

"కనిపిస్తున్నవు దాదా" అంది షాదా. "ఏడుస్తున్నవు."

"పొగ" అన్నాడు చాచా. పొయ్యి ఆ దిక్కున లేదు.

ఆ తర్వాత రొట్టెలు ఆగకుండా లేచాయి. ఒకటి దిగకముందే ఇంకొకటి పైకి పోతోంది. మిల్లక్క నా పక్కకొచ్చి నిలబడి, "తమ్మీ, గా నడుమ లేసింది సూడు, అది నా పులిదే" అంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, చెప్పాలనీ అనిపించలేదు.

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. చాలా మిల్లులు తిరుగుతున్నాను, నా పరికరాలు కూడా బాగా తెలివిమీరాయి. గోధుమ ఏదొచ్చినా ఏం చేయాలో కాస్త తొందరగానే చెప్పగలుగుతున్నాను. నా కింద కొత్తగా చేరిన కుర్రాళ్లు నేను చెప్పింది రాసుకుంటారు. కాని ఎక్కడైనా విందులో రుమాలీ లేస్తుంటే, నడుస్తున్నవాణ్ని నడుస్తున్నట్టే ఆగిపోతాను. ఆ ఆదివారం మధ్యాహ్నం బోధన్ వాకిట్లో, గళ్లు గీసిన ఖాళీ కాగితం పట్టుకుని, మెడ పైకెత్తి, నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. ఎంత అమాయకంగా ఉన్నాడో! చాచా అంతగా అరిచాడు గానీ, వాడి నోరు మూయించాలని నాకు మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.